మెడలో అక్క

17 మార్చి 1961, శుక్రవారం. ఉగాది.

జనవరిలో మా చెన్నకేశవ ఈ డైరీ తెచ్చి, "నాయనా, పట్టుపురుగుల సంగతులు రాసుకో" అన్నాడు. అటక మీద పెట్టి మరిచిపోయాను. నాలుగో తరగతితో బడి మానేసినవాడికి డైరీ ఏమిటి! కానీ ఈ రోజు రాయకుండా ఉండలేను. కెలమంగలంలో కనబడినవాళ్ళందరికీ చెప్పేశాను. సంతోషం ఇంకా మిగిలింది. ఆ మిగిలింది ఇందులో రాస్తాను.

చెన్నకేశవ క్రిష్ణగిరి నుంచి పెళ్ళాం బిడ్డలతో పండక్కి వచ్చాడు. పూర్ణం పెట్టిన ఓళిగలు తింటూ, బడిలో పిల్లలకు పాఠం చెప్పినట్టు మెల్లగా చెప్పాడు.

"నాయనా, నువ్వు పుట్టిన ప్లవ సంవత్సరం మళ్ళా వచ్చింది. నీకు అరవై నిండుతాయి. అమ్మకూ నీకూ పెండ్లయి నలభై ఏండ్లు. వైశాఖంలో క్రిష్ణగిరిలో మా ఇంటిముందర పందిరేసి మీ ఇద్దరికీ మళ్ళా పెండ్లి చేస్తాను. నువ్వు మళ్ళా తాళి కట్టాల. అదే నా కానుక."

ఓళిగ నా నోట్లోనే నిలిచిపోయింది. అబ్బబ్బ! మా వంశంలో ఎవరికి జరిగింది ఇలాంటిది? మా నాయన అరవై చూడనే లేదు. కొడుకంటే వీడు! కన్నందుకు నాకు ఇది చాలు.

రామలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఒరే, ఈయప్ప పక్కన ఒకసారి కూర్చున్నదానికే నా నడుం విరిగింది. మళ్ళా కూర్చుంటే లేపేదెవరు?"

గోడ అవతలి నుంచి తిమ్మయ్య అందుకున్నాడు. "ఏమప్పా మునెప్పా, అయ్యవార్ల మాదిరి రెండోసారి తాళి కడతావంట? ఈసారైనా పిల్లకు కట్నం కింద మంచి మాట ఒకటి ఇయ్యి."

నవ్వులే నవ్వులు. రామలక్ష్మమ్మ తాళిలోని బిళ్ళను చేతిలోకి తీసుకుని, "అక్కా, వింటివా, నీ కొడుకు చేసే పని" అని దానితో కూడా చెప్పింది.

కొత్త పుస్తకం కాబట్టి మొదటినుంచీ రాస్తాను. అక్క అంటే పుట్టమ్మ. నా మొదటి భార్య, రామలక్ష్మమ్మకు తోడబుట్టినది. చెన్నకేశవను కని, పుట్టింట్లో, బాగలూరులోనే పోయింది. పసివాణ్ణి చూసుకోవాలని చెల్లెలినే నాకిచ్చి చేశారు. మాలో ఇలా రెండో పెళ్ళాంగా వచ్చిన ఆమె మెడలో, తాళి పక్కన, పోయినామె ముఖం కొట్టిన చిన్న బంగారు బిళ్ళ కడతారు. సవతి బిళ్ళ అంటారు. కట్టకపోతే పోయినామె ఊరుకోదట. పుట్టమ్మకు ఫోటో అంటూ లేదు. ఆ బిళ్ళే.

24 మార్చి

చెన్నకేశవ నుంచి కార్డు. ముహూర్తం ఏప్రిల్ 27, గురువారం, వైశాఖ ద్వాదశి. కార్డును కళ్ళకద్దుకున్నాను. పోస్టుమ్యాను నవ్వితే నవ్వనీ!

2 ఏప్రిల్, ఆదివారం

కొడుకు పెళ్ళి కానుకగా ఇస్తున్నాడు సరే. మొగుణ్ణి, నేనేమి ఇస్తున్నాను? వారం రోజులుగా ఇదే ఆలోచన. ఈ రోజు పురుగులకు మల్బరీ ఆకు వేస్తుంటే తట్టింది. ఎంత మంచి ఆలోచనో!

రామలక్ష్మమ్మ పొద్దున లేవగానే మొదట చేసేది ఆ బిళ్ళను కళ్ళకద్దుకుని గుసగుసగా ఏదో చెప్పడం. పండగ పూట మొదటి ముద్ద దానికి చూపించి గానీ తినదు. నేను ఏదైనా గట్టిగా అంటే చాలు, చెయ్యి అక్కడికే పోతుంది. పాపం! ఇంకా పావడలు కట్టే పిల్ల మెడలో చనిపోయినామెను వేలాడదీశాము. నలభై ఏళ్ళుగా మోస్తోంది. పల్లెత్తు మాట అనలేదు. నా తాళి ఒక్కరోజైనా ఆమె ఒక్కదానికీ సొంతంగా దక్కలేదు.

ఆ బిళ్ళను కరిగించి కొత్త తాళిబొట్టు చేయిస్తాను. పీట మీద కూర్చున్నప్పుడు చెవిలో చెబుతాను, ఈసారి నీ మెడలో నువ్వొక్కతే అని. ఎంత మురిసిపోతుందో! ఆ ముఖం చూడటానికి నా కళ్ళు ఇప్పటినుంచే ఆరాటపడుతున్నాయి.

బిళ్ళ మీది కళ్ళు రెండు చుక్కలే. అయినా ఒక్కోసారి నా వైపు చూస్తున్నట్టు ఉంటుంది. అది వేరే సంగతి. దానికోసం కాదు నేను చేయిస్తున్నది.

6 ఏప్రిల్, గురువారం

తాళికి మెరుగు పెట్టించి కొత్త దారం ఎక్కించుకొస్తానంటే రామలక్ష్మమ్మ తీసి ఇచ్చింది. ముందు పసుపుకొమ్ము కట్టిన దారం మెడలో వేసుకుని, తర్వాతే దీన్ని తీసింది. పసుపు గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టి, గుడ్డ మీద నుంచి చెయ్యి తియ్యదు.

"ఇదో, ఆచారి పక్కనే కూర్చోని చేయించు. ఆడ వదిలేసి టీ అంగడికి పోవద్దు."

"పోనులే."

"అక్క పదిలం."

"అట్లే లేవే, నాకు తెలీదా?"

బస్సులో హోసూరు పోయాను. నంజప్పాచారి బొట్లు రెండూ వేరు చేసి, బిళ్ళను వేలి మీద పెట్టుకుని చూశాడు. ముఖం చాలా అరిగిపోయింది. ముక్కు ఉన్నచోట నున్నగా ఉంది.

"దీన్ని కరిగించమంటావా మునెప్పా? బాగా యోచన చేసినావా?"

"చేసినా."

"ఇంట్లో ఆయమ్మను అడిగినావా?"

అడిగినానని చెప్పాను. అడిగినట్టే లెక్క. నలభై ఏళ్ళు కలిసి ఉన్నాక ఒకరి మనసు ఒకరికి తెలియదా? అడిగితే ఇక కానుక ఏముంటుంది?

మూసలో వేసేటప్పుడు నేను టీ అంగడికి వెళ్ళాను.

9 ఏప్రిల్

మెరుగు పని ఆలస్యమవుతుందట, పెళ్ళికి ముందే ఇస్తాడట అని చెప్పాను. సరే అంది. పనిమధ్యలో ఆమె చెయ్యి మెడ దగ్గరికి పోతుంది. పసుపుకొమ్ము తగులుతుంది, చెయ్యి దించుతుంది. నాకు లోపల ఒకటే నవ్వు. ఓపిక పట్టవే, చూద్దువు గానీ!

20 ఏప్రిల్, గురువారం

బొట్టు చేతికి వచ్చింది. అబ్బ, ఏమి మెరుపు! పాత బొట్లు రెండింటి మధ్య దీన్ని పెడితే చందమామే. పాతవాటితో కలిపి దారానికి ఎక్కించి, పసుపు గుడ్డలోనే చుట్టి ఇచ్చాడు. పుట్టమ్మ బంగారమంతా దీంట్లోనే ఉంది, గోరంత వృథా కాలేదు. ఆచారి ఎక్కువ మాట్లాడలేదు. ఆయనకు పని తొందరేమో.

ఇంటికి రాగానే ఆమె చెయ్యి చాచింది. "పీట మీదనే ఇస్తా, అది శాస్త్రం" అన్నాను. ఎవరి శాస్త్రమో నాకూ తెలియదు.

"ఒకసారి చూపించి మళ్ళా పెట్టేసుకో. అక్కతో ఒక మాట చెప్పాల."

"ఏం మాట?"

"నీకేంటికి?"

చూపించలేదు.

27 ఏప్రిల్, గురువారం. క్రిష్ణగిరి.

జరిగింది. చాలా బాగా జరిగింది. పందిరి నిండా జనం. కోటకొండ వైపు నుంచి చల్లటి గాలి. నాదస్వరం వాళ్ళు వంక పెట్టడానికి లేకుండా వాయించారు. పాయసం రెండుసార్లు వడ్డించారు. బాగలూరు నుంచి బావమరిది వరదప్ప గంపెడు చామంతులు తెచ్చాడు. పురోహితుడు నా చేత ప్రమాణం చేయించాడు. ధర్మేచ అర్థేచ కామేచ నాతిచరామి. నా పాత పెళ్ళిళ్ళు రెండింటిలోనూ ఈ మాటలు ఎవరూ చెప్పించలేదు. ఏ విషయంలోనూ ఈమెను దాటి నడవను అని దాని అర్థమట. అందరికీ వినబడేటట్టు గట్టిగా అన్నాను.

అందరూ తృప్తిగా తిన్నారు. అంతే.

28 ఏప్రిల్, శుక్రవారం. క్రిష్ణగిరి.

నిన్న రాసింది అబద్ధం కాదు. పాయసం బాగానే ఉంది.

పీట మీద ఆమె ఎంత అందంగా ఉందో! కుంకుమ రంగు అంచున్న పసుపు చీర. నేను గుడ్డ విప్పాను. ఆమె దారం వైపు చూసింది. పాత బొట్లు, కొత్త బొట్టు, నల్లపూసలు, పగడాలు. మళ్ళీ మొదటినుంచి చూసింది.

"అక్క యాడ?"

నేను చెవి దగ్గరికి వంగి, దాచుకున్న మాట చెప్పాను. "ఈసారి నువ్వొక్కతే లక్ష్మీ. బిళ్ళను కరిగించి ఈ బొట్టు చేయించినా. ఇంక అంతా నీదే."

చూడాలని ఆరాటపడిన ముఖం చూశాను. దాన్ని రాయలేను.

గట్టిమేళం మొదలైంది. జనమంతా అక్షతలు పట్టుకుని లేచారు. ఆమె రెండు అరచేతులూ మెడకు అడ్డం పెట్టుకుంది. చెన్నకేశవకు పిల్లనిచ్చిన అత్త చిక్కమ్మ, "చూడండే, ముసలి పెండ్లికూతురికి ఎంత సిగ్గో!" అనేసరికి ఆడవాళ్ళంతా నవ్వారు. నవ్వులోనూ మేళంలోనూ నాకొక్కడికే వినబడేటట్టు ఆమె అంది.

"బావా, అక్కను ఏం చేస్తివి బావా?"

అక్కను చూడటానికి మా ఇంటికి వచ్చే చిన్నపిల్ల నన్ను అలా పిలిచేది. పెళ్ళయిన రోజునుంచి పిలవలేదు. ఇదో అంటుంది, ఏమయ్యా అంటుంది. నలభై ఏళ్ళ తర్వాత తాళి పట్టుకుని ఎదురుగా కూర్చుంటే, నేను ఆమెకు అక్క మొగుణ్ణయిపోయాను.

చెన్నకేశవ వంగి, "అమ్మా, ఏమైంది?" అన్నాడు. ఆమె వాడి ముఖం చూసింది. ఎంత సంతోషంగా ఉన్నాడో వాడు! చేతులు తీసేసింది. నేను కట్టాను. మూడు ముళ్ళూ వేశాను. అక్షతలు వాన పడినట్టు పడ్డాయి.

భోజనాలయ్యాక లోపలి గదిలో ఆమె పక్కన కూర్చున్నాను.

"బంగారం యాడికీ పోలేదు లక్ష్మీ. ఇదో, నీ మెడలోనే ఉండాది."

"ముఖం?"

నేను కొత్త బొట్టు వైపు చూశాను.

"నాకు పుట్టి పోయిన బిడ్డలిద్దరి సంగతీ ఎవరికి చెప్పుకుంటిననుకుంటివి? నీకా? నువ్వు పురుగుల కొట్టంలోకి పోయి తలుపేసుకుంటివి. మీయమ్మ నన్ను ఆడిపోసుకుంటే ఎవరితో చెప్పుకుంటి? ఈ పిల్లోడికి జరమొస్తే ఎవర్ని అడిగితి, ఏం చేసేదక్కా అని?"

"నీకు బరువనుకుంటిని."

"బరువని నేను చెప్పినానా?"

గడప దగ్గర చెన్నకేశవ నిలబడి ఉన్నాడు. ఎంతసేపయిందో. వాడికి బిడ్డలున్నారు, బడిలో అంతమంది పిల్లల్ని అదిలిస్తాడు, వాడి గొంతు చిన్నపిల్లాడి గొంతయింది. "బిళ్ళమ్మ అనేవాణ్ణి నాయనా దాన్ని. పరీక్షకు పోయేటప్పుడు ముద్దు పెట్టి పోతా ఉంటి. మా అమ్మ ముఖం నాకదే. నన్నొక మాట అడిగింటే..."

"నీకూ తెలీకుండా చేద్దామనుకుంటినిరా. ఇద్దరికీ సంతోషమని."

వాడు సరే నాయనా అని, విస్తళ్ళు ఎత్తించడానికి వెళ్ళాడు. నా కొడుకు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

1 మే, సోమవారం

క్రిష్ణగిరి నుంచి బస్సులో వచ్చాము. దారంతా ఆమె మాట్లాడలేదు. అలసట. హోసూరు స్టాండులో దిగి మా కెలమంగలం బస్సు కోసం చూస్తుంటే, ఆమె తన మూట తీసుకుని బాగలూరు బస్సు దగ్గరికి నడిచింది.

"ఏమే, మనది ఆ బస్సు కాదు."

"తెలుసు. అన్న ఇంటికి పోతా ఉండా."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు బావా. పురుగులకు ఆకు వెయ్యి. మరిచిపోవద్దు."

మంచిదే. పుట్టింటికి పోయి చాలా రోజులైంది. వరదప్ప తోటలో చామంతులు విరగబూశాయి. నాలుగు రోజులుంటే ఎండకు కాస్త సుఖంగా ఉంటుంది. నేనే పొమ్మన్నానని తిమ్మయ్యకు చెప్పాను.

5 మే

రాలేదు. బస్సులు రద్దీగా ఉంటాయి, పెళ్ళిళ్ళ కాలం.

9 మే

చారు కాచాను. ఉప్పు మరిచాను. మంచి చారే.

14 మే, ఆదివారం

తిమ్మయ్య గోడ మీద చేతులు పెట్టుకుని అడిగాడు. "మునెప్పా, కొత్త పెండ్లికూతురు యాడప్పా? పెండ్లయి ఇన్ని దినాలాయె, ఇంకా పుట్టింట్లోనేనా?"

"వయసైంది కదప్పా, సుఖంగా ఉండనీలే."

"ఎవరికి సుఖం? నీ గడ్డం చూస్తే తెలుస్తాది." తర్వాత వాళ్ళావిడ చేత సంగటి పంపించాడు. పాడు మనిషి, మంచి మనిషి.

పురుగులు గూళ్ళు కట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. ఈ పని ఇద్దరు చెయ్యాలి. ఒక్కణ్ణే చేశాను.

18 మే, గురువారం

ఏమి చెయ్యాలో తెలిసింది! ఎందుకు ముందే తట్టలేదో! పోయింది బిళ్ళే కదా. ఇంకొక బిళ్ళ చేయిస్తే సరి! సంతోషంగా హోసూరు పరిగెత్తాను.

నంజప్పాచారి రేకు కత్తిరించి, సన్న ఉలి తీసుకుని, "ముఖం ఎట్లుండాల?" అన్నాడు.

"పాత దాంట్లో ఉన్నట్టే."

"అది కొట్టింది మా నాయన. నేను చూసేటప్పటికే అరిగిపోయి ఉండె. ఆయమ్మ ముఖం నువ్వు చెప్పు, నేను కొడతా. గుండ్రమా, కోలా?"

"గుండ్రం. కాదు, కొంచెం కోల."

"కండ్లు?"

"మంచి కండ్లు."

"పెద్దవా, చిన్నవా?"

చెప్పలేకపోయాను. ఆమెతో కాపురం చేశాను. ఆమె పెట్టిన అన్నం తిన్నాను. ముఖం తలుచుకుంటే రామలక్ష్మమ్మ ముఖం వస్తుంది. దాన్ని పక్కకు తోస్తే ఆ బిళ్ళ వస్తుంది, రెండు చుక్కలు, ఒక గీత. దాని వెనకాల ఏమీ లేదు.

ఆచారి నా వైపు చూసి, ఉలి కిందపెట్టి, మళ్ళీ తీసుకున్నాడు. "పోనీలే. లక్షణంగా కొడతాను."

లక్షణంగానే కొట్టాడు.

21 మే, ఆదివారం. బాగలూరు.

వరదప్ప ఇంటి వసారాలో ఆడవాళ్ళు చామంతులు దండ కడుతున్నారు. ఆమె కూడా కడుతోంది. నేను కట్టిన తాళి మెడలో ఉంది, రవికె లోపలికి వేసుకుంది. నన్ను చూసి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అంతా మామూలుగానే. నా ప్రాణం లేచి వచ్చింది. బిళ్ళ తీసి అరచేతిలో పెట్టాను.

వెలుతురులోకి తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవరు బావా ఈయమ్మ?"

"మీ అక్క."

"కాదు." కోపంతో అనలేదు. దారిలో ఎవరో పలకరిస్తే పోల్చుకోలేక అన్నట్టు అంది. నా చేతిలోనే తిరిగి పెట్టింది.

తక్కిన ఆడవాళ్ళు లోపలికి వెళ్ళారు. ఆమె దండ కడుతూనే మాట్లాడింది.

"అక్క పోయేటప్పటికి నేను చిన్నదాన్ని. నాకు తలదువ్వేది. చెవి ఎనకాల ఆమె వేలు తగిలేది. అంతే, ముఖం నాకూ జ్ఞాపకం లేదు. ఆ బిళ్ళనే పెట్టుకుని ముఖం చేసుకుంటి. నువ్వు ఆమెతో కాపురం చేసినావు. ఇన్ని ఏండ్లలో ఒక్క దినమన్నా మీ అక్క ఇట్ల ఉండె, ఇట్ల అనె అని నాకు చెప్పినావా?"

"నువ్వు బాధపడతావని."

"నేనా?"

లోటా కిందపెట్టాను.

"ఇప్పుడు చెప్పు. ఒక్కటి చెప్పు."

ఎక్కడినుంచి వచ్చిందో, వచ్చింది. పుట్టమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో జరిగింది. వాళ్ళింట్లో పూలతోటే గానీ పట్టుపురుగులు లేవు. పురుగులు పెద్దవై ఆకు తినేటప్పుడు వచ్చే చప్పుడు ఆమె అంతకుముందు వినలేదు. వంటింట్లో ఉన్నది విని, వాన వచ్చిందనుకుని, ఆరేసిన గుడ్డలు తీయడానికి వాకిట్లోకి పరిగెత్తింది. మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. గుడ్డలన్నీ భుజాన వేసుకుని ఆకాశం వైపు నోరు తెరిచి చూస్తూ నిలబడింది. మా అమ్మ నవ్వి నవ్వి కూలబడింది.

రామలక్ష్మమ్మ చేతిలో దండ ఆగిపోయింది. నవ్వింది! ఆ నవ్వు చూసి ఎన్ని రోజులైందో! "అక్క అట్ల చేసెనా? నిజంగానా? గుడ్డలన్నీ తెచ్చేసెనా?" నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

"ఇంకోటి చెప్పు."

నేను వెతికాను. మజ్జిగ లోటా వైపు చూశాను, చామంతుల వైపు చూశాను. ఆమె ఎదురుచూస్తోంది.

ఇంకొకటి లేదు.

"ఇంట్లో పని ఉంది, పోదాం రా లక్ష్మీ" అన్నాను.

"ఇంకోటి జ్ఞాపకమొచ్చిన దినం రా బావా. ఆ దినం వస్తాను. ఉత్త చేతుల్తో ఆ ఇంట్లోకి నేనెట్ల రావాల? ఆడ నాకు ఎవరుండారు?"

24 మే

కొత్త పురుగులకు ఆకు వేస్తూ, పుట్టమ్మ సంగతి ఇంకొకటి జ్ఞాపకమొస్తుందా అని ఆలోచించాను. రాలేదు.

30 మే

పుట్టమ్మ ఏ పాట పాడేది? పాడేదా? మా అమ్మ ఉంటే చెప్పేది. ఊళ్ళో అప్పటివాళ్ళు ఎవరున్నారు? మారెమ్మవ్వ ఒక్కతే. వెళ్ళి అడిగాను. "పుట్టమ్మా? మంచి బిడ్డ నాయనా, పాపం పోయింది" అంది. అంతకంటే ఆమె దగ్గరా ఏమీ లేదు.

మంచి బిడ్డ, పాపం పోయింది. నేనూ ఇన్నేళ్ళు అంతే అన్నాను.

4 జూన్, ఆదివారం

చెన్నకేశవ వచ్చాడు. మామిడిపళ్ళు తెచ్చాడు, ఇల్లు ఊడ్చాడు. బాగలూరు వెళ్ళి వచ్చానని చెప్పాడు.

"అమ్మ నాకు వాన కథ చెప్పింది నాయనా. మా అమ్మను గురించి నేను మొట్టమొదట విన్నది అదే. మళ్ళా నీ నోట చెప్పు."

చెప్పాను. వాడు రెండోసారి చెప్పమన్నాడు. రెండోసారి చెప్పాను. వాణ్ణి కని చనిపోయిన ఆమెను గురించి నేను వాడికి ఇవ్వగలిగిందంతా అయిపోయింది. మామిడిపండు కోసి నా చేతిలో పెట్టాడు.

11 జూన్

రాలేదు. పుట్టమ్మకు చెయ్యి వాటం కుడో ఎడమో కూడా గుర్తుకు రావడం లేదు.

పొద్దున ఒక నిజం తెలిసింది. ఆ బిళ్ళ చూస్తుంటే నేను ఆమెను మరిచిపోయానని అది నాకు చెబుతున్నట్టుండేది. రామలక్ష్మమ్మకు బరువని కాదు నేను దాన్ని కరిగించింది. ఇది రాసి కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

18 జూన్, ఆదివారం

బాగలూరు బస్సులో కూర్చుని కథను తయారుచేసుకున్నాను. దేన్కనికోట తేరుకు పుట్టమ్మను తీసుకెళ్ళాను. గాజులు కొన్నాను. మలారం మోసే గాజులవాడు గాజు ఎక్కిస్తుంటే ఒకటి పగిలింది. అపశకునమని ఆమె ఏడ్చింది. నేను తేరు బొరుగులు కొనిచ్చి ఓదార్చాను. రెండుసార్లు నాలో నేను చెప్పుకున్నాను. నాకే నిజంలా అనిపించింది. అలా ఓదార్చి ఉంటే ఎంత బాగుండేది!

రామలక్ష్మమ్మ వసారాలో మోకాలి మీద గడ్డం పెట్టుకుని విన్నది.

"గాజులు ఏ రంగు?"

"ఎరుపు."

"అప్పుడు అక్క ఏ చీర కట్టింది?"

"పచ్చది. చిలకపచ్చ."

ఆమె కొంచెంసేపు నా వైపే చూసింది. నేను కళ్ళు దించలేదు. దించితే అంతా పోతుంది.

"అక్కకు పచ్చ చీర ఒక్కటి కూడా లేదు బావా. పచ్చ మా ఇంటికి అచ్చిరాదని మాయమ్మ మా ఇద్దరికీ కొననే కొనలే."

తోటలో వరదప్ప ఎవరినో కేకేస్తున్నాడు. నేను లేచి చెప్పులు వేసుకున్నాను. వస్తానని కూడా అనలేదు.

వాకిలి దాటేలోపల వెనకనుంచి, "ఉండు" అంది. లోపలికి వెళ్ళి మూట తెచ్చుకుంది. వదినెకు చెప్పింది. నా ముందు నడిచి బస్సు ఎక్కింది.

హోసూరులో బస్సు మారాము. ఆమె కిటికీ పక్కన కూర్చుంది, నేను ఇవతల కూర్చున్నాను. కండక్టరు వచ్చి పోయాక నా వైపు తిరగకుండానే అంది.

"ఇల్లు చేరేలోపల ఇంకోటి చెప్పు. అబద్ధమైనా సరే."

బస్సు మత్తిగిరి వైపు తిరిగింది. ఒక రోజు పుట్టమ్మ ఆకు కొయ్యడానికి తోటకు బయలుదేరింది, అని మొదలుపెట్టాను. అక్కడ ఆగాను.

"ఏ చీర కట్టింది?" అని ఈసారి నేను ఆమెను అడిగాను.

"నేరేడుపండు రంగుది," అని రామలక్ష్మమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.